నంబరు పక్కన చుక్క

మొన్న మా మనవరాలి పైచదువు కాగితాలు నింపించడానికి దాని వెంట సూర్యాపేట బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరుకు పోయాను. అది జర్మనీలో ఏదో చదువుతుందట. నాకు అక్కడ పనేమీ లేదు. ఇంట్లో కూర్చుంటే ఫ్యాను చుట్లు లెక్కపెట్టుకోవడమే గనక పోయాను. కంప్యూటరు ముందున్నాయన ఒక్కొక్క గడి చదువుతూ, "మీ కుటుంబంల ఇంతకుముందు ఎవరన్నా విదేశంల చదివిన్రా?" అని అడిగాడు. మనవరాలు లేదనబోతుంటే నేను అడ్డంపడ్డాను. "చదివిండు. మా బావ." "ఏ దేశం తాతా?" అన్నాడు వేళ్ళు ఆడిస్తూ. "ఇదే. సూర్యాపేట" అన్నాను. ఆయన వేళ్ళు ఆగిపోయాయి. వరసలో ఉన్న నలుగురూ నవ్వారు. మనవరాలు నా మోచెయ్యి గిల్లింది. "లేదని రాయన్నా" అంది ఆయనతో.

నాకు కోపం వచ్చింది. ఇంకా పోలేదు. కోదాడ అవతల ఒక రాజ్యం, ఇవతల ఒక రాజ్యం ఉండేవని, నడుమ ఆపి మూటలు విప్పించే నాకా ఉండేదని వీళ్ళకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు, తెలియనిదాన్ని చూసి నవ్వడం తప్పు. నేను ఏ బడిలోనూ కూర్చున్నవాణ్ణి కాదు. నాకు వచ్చిన నాలుగు తెలుగక్షరాలు బావ రాసి చెరిపిన పలక మీద మిగిలిన గీతలు చూసి పట్టుకున్నవే. అయినా ఇది రాయడానికి ఆ నాలుగు చాలు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ముందటి ఏడు మాట ఇది. మేము నైజాం సర్కారు వాళ్ళం. కోదాడ దాటితే ఇంగ్లీషు ఇలాకా. మా అమ్మ పుట్టిల్లు ఆ ఇలాకాలో, జగ్గయ్యపేట పక్కన చిన్న ఊరు.

మా మేనమామ అక్కడ మిరపతోటలు చేసేవాడు. ఇటువైపు భూమి అగ్గువగా దొరుకుతుందని మిర్యాలగూడ పక్క ఊళ్ళో ఒక నల్లరేగడి ముక్క కొన్నాడు. రెండు పంటలు తీశాడు. మూడో ఏడు ఆ ఊరి పట్వారీ వచ్చి, నువ్వు కొన్న నంబరు ఇది కాదు, నీది గుట్ట కింది చౌడు ముక్క, ఇది ఖాళీ చెయ్యి అన్నాడు. అమ్మినాయన అప్పటికే కాలం చేశాడు. ఇక మిగిలిన సాక్షి ఒక్క కాగితం. అది ఉర్దూలో ఉంది. మామ దాన్ని ముగ్గురి చేత చదివించాడు. మొదటాయన నంబరు నూట ఇరవై అన్నాడు. అదే రేగడి. రెండో ఆయన పన్నెండు అన్నాడు. అది చౌడు. మూడో ఆయన కాగితాన్ని ఎండకు పట్టుకుని చూసి, ఏదైనా కావచ్చు, చదివేవాణ్ణి బట్టి ఉంటది అన్నాడు. మామ ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడట: ఈ కాగితాన్ని మన ఇంట్లోవాడే చదవాలి. అంతవరకు ఇంకెవరినీ నమ్మను. మిర్యాలగూడ తాసిల్ కచేరీలో పేషీ వాయిదాల మీద నడుస్తోంది గనక, ఏడాదిలోగా ఒకడు ఉర్దూ నేర్చుకోవాలి.

ఆ ఒకడు మామ కొడుకు, మా బావ. నాకంటే నాలుగు నెలలు పెద్ద. ఆ నాలుగు నెలల బలంతో ఆయన నన్ను ఏరా అనేవాడు, నేను ఆయన్ని బావా అనాల్సి వచ్చేది. ఇద్దరికీ పదిహేడో ఏడు. నేను అప్పటికే కిరాయికి ఎడ్లబండి తోలుతున్నాను. బావ వాళ్ళ దగ్గర హైస్కూల్లో ఐదో ఫారం. లెక్కల్లో క్లాసుకు మొదటివాడు. ఇంకొక్క ఏడాది ఆగితే కాలేజీకి పంపవచ్చని వాళ్ళ మాస్టర్లు అన్నారట. మామ ఆగలేదు. బావ తోలుపెట్టె పట్టుకుని సూర్యాపేటలో మా ఇంటికి దిగాడు.

దిగడానికి ముందు కోదాడ నాకా ఉంది. అక్కడి జవాను చేతిలో ఒక పొడుగాటి ఇనుపకడ్డీ. పొగాకు దాచి తెస్తారని అనుమానం. బట్టల మూటలో పొడిచాడు, బియ్యంలో పొడిచాడు, చివరికి మా అత్త పెట్టిచ్చిన గోంగూర పచ్చడి జాడీలో గూడ పొడిచాడు. ఆ కడ్డీ అంతకుముందు ఎవరి తడిబెల్లంలో మునిగి వచ్చిందో, పది రోజులకు పచ్చడి మీద తెల్లటి బూజు. నెలకోసారి ఇంటికి పోయి వచ్చేవాడు; రెండోసారీ అంతే. మూడోసారి బావ చిన్న గిన్నెలో వేరుగా పచ్చడి తెచ్చి, "అయ్యా, ఇది కడ్డీకి కాదు, మీ నాలుకకి. దీన్ని పరీక్ష చెయ్యండి, జాడీని వదిలెయ్యండి" అని చేతిలో పెట్టాడు. జవాను ఒక వేలు ముంచి నాకాడు. ఆనాటి నుంచి బస్సు ఆగిందంటే, "ఏడీ గోంగూర పిల్లగాడు? దిగిండా?" అని ముందు గిన్నె కోసం వెతికేవాడట. పెట్టె మూత మళ్ళీ ఎవరూ తెరవలేదు.

మా ఇంట్లో మొదటిపూటే ఒక చిక్కు వచ్చింది. అమ్మ జొన్నరొట్టె పెట్టి, గిన్నెలో పచ్చిపులుసు పోసింది. బావ చేతులు కడుక్కుని కూర్చున్నాడు గాని ముట్టలేదు.

"తినవేంది బిడ్డా?"

"పులుసు కాగనివ్వండి అత్తయ్యా. తొందరేం లేదు."

"కాగుడేంది? అదయింది."

"పొయ్యి మీదికే ఎక్కలేదు కదా!"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేను గూడ కొత్తల గిట్లనే కూసున్న. మీ మామయ్య సగం తిని లేసినంక గాని నాకు సమజు కాలె" అంది. బావకు ఇంకో బెంగ పట్టుకుంది: ఇరవై ఏళ్ళలో మేనత్త పుట్టింటి మాట మరిచిపోయిందంటే, తనకెన్నాళ్ళు పడుతుందో అని. ఆ మర్నాడే ఒక నోటుబుక్కు మొదలుపెట్టాడు. పైన "నైజాం మాటలు" అని రాసి, రెండు గళ్ళు గీసుకున్నాడు. అంగీ అంటే చొక్కా. అగ్గువ అంటే చవక. దవాఖాన అంటే ఆసుపత్రి. పరేషాన్ అన్నచోట మాత్రం అర్థం రాయలేదు. ఎదురుగా "నేను" అని రాసుకున్నాడు.

ఉర్దూ బడి మా వీధి చివర మౌల్వీ సాబు ఇంటి అరుగు మీద. బావకు అప్పటికే మూతి మీద నూనూగు మీసం. అటు ఇటు ఏడేళ్ళ, ఎనిమిదేళ్ళ పిల్లలు. వాళ్ళు అలిఫ్, బే అని ఊగుతూ వల్లిస్తుంటే నడుమ బావ గూడ ఊగాలి. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. పిల్లలు ఆయనకు ఊంట్ అని పేరు పెట్టారు. ఒంటె అన్నమాట. ఇంటికి వచ్చి ఆ మాట గూడ బుక్కులో ఎక్కించుకున్నాడు. నేను అడిగాను, నీకు సిగ్గు లేదా బావా అని. "ఉంది. దాన్ని వాళ్ళకి ఎందుకు చూపించాలి?" అన్నాడు. ఈ డెబ్బై ఏళ్ళలో ఇంతకంటే పెద్ద మాట నేను ఏ పెద్దమనిషి నోటా వినలేదు.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బలు తినిపించింది ఒక చుక్క. మీ ఇంట్లో ఎద్దులెన్ని, ఉర్దూలో రాయమన్నాడు మౌల్వీ సాబు. బావ పలక మీద వాక్యమంతా సరిగ్గానే రాసి, చివర రెండు అంకె వేసి, వాక్యం అయిపోయింది గనక అలవాటు ప్రకారం కుడిపక్కన చుక్క పెట్టాడు. మౌల్వీ సాబు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, "అరె మియా! ఇరవై ఎద్దులా? నువ్వు జాగీర్దారువా ఏంది?" అన్నాడు. ఉర్దూ అంకెల్లో సున్న గుండ్రంగా ఉండదు. ఒట్టి చుక్క. గుండ్రంగా చుడితే అది వాళ్ళ కంటికి ఐదు లాగుంటుంది. వాక్యం ఆగినచోట మాత్రం చుక్క కాదు, చిన్న అడ్డగీత పెడతారు. బావ చేయి ఎంత చెప్పినా వినేది కాదు. పన్నెండేళ్ళు ఒక తీరుగా ఆగిన చేయి అది. చుక్క పడ్డప్పుడల్లా వేళ్ళ మీద బెత్తం పడేది. "మాట ఆగితే గీత గీయి బేటా. చుక్క పెట్టినవంటే అది లెక్కలకొస్తది" అనేవాడు మౌల్వీ సాబు. లెక్కల్లో మొదటివాడికి సున్న రాయడం రాదని పిల్లలు నవ్వేవాళ్ళు. ఇంటికి వచ్చి వాపెక్కిన వేళ్ళతోనే మళ్ళీ పలక తీసేవాడు. ఆ చుక్క కుదుటపడడానికి మూడు నెలలు పట్టింది.

ఆ తరవాత ఒక పొద్దున బడికి పోతే అరుగు ఖాళీగా ఉందట. ఎదురింటి ముసలమ్మ ఊడుస్తూ, "మౌల్వీ సాబు పొయ్యిండు బిడ్డా. పొద్దుగాల్నే పొయ్యిండు" అంది. బావ ఏడుపు ముఖంతో ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"అత్తయ్యా, మౌల్వీ గారు పోయారు."

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల గూడ ఎత్తలేదు. "పోతే పోనీ తియ్యి. మాపటికల్లా వస్తడు" అంది.

బావ ఆమెవైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. అమ్మకు మతి పోయిందనుకున్నాడు. లేచి మళ్ళీ పరుగెత్తాడు. మనిషి ఊరికి పోతే ఇంత ఏడుపెందుకో అంతుపట్టక నేను వెనకాలే పోయాను. బావ మౌల్వీ సాబు అరుగు ముందు నేల మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. ఎంత పిలిచినా లేవలేదు, అన్నం ముట్టలేదు. పొద్దు వాలే వేళకు మౌల్వీ సాబు మిర్యాలగూడ నుంచి, చంకలో ఒక ఖర్బూజా పండు పెట్టుకుని దిగాడు.

"ఏమైంది బేటా? ఎవరు పొయ్యిండ్రు?"

బావ తలెత్తి చూసి నోరు తెరిచాడు. "మీరే సార్" అన్నాడు.

సంగతి తేలడానికి కాసేపు పట్టింది. వాళ్ళవైపు ఊరికి పోయినవాడు వెళ్ళాడంటారు, పోయాడంటే చచ్చిపోయాడని. మేము ఎక్కడికైనా పోతాం, పోయి వస్తాం. మౌల్వీ సాబు నవ్వి నవ్వి కళ్ళద్దాలు జారవిడిచాడు. పండు కోసి మొదటి ముక్క బావ చేతిలో పెట్టి, "నేను నిజంగ పొయ్యిన్నాడు ఏడిచేటోడు ఒకడు దొరికిండు" అన్నాడు. ఎందుకు ఉర్దూ నేర్చుకుంటున్నావని ఆ రోజే మొదటిసారి అడిగాడు. బావ భూమి సంగతి చెప్పాడు. మర్నాటి నుంచి పిల్లలు వెళ్ళిపోయాక, సాయంత్రం నమాజు అయ్యాక, ఆయన పాత కచేరీ కాగితాలు ముందర వేసుకుని, గుమాస్తాలు రాసే గొలుసుకట్టు రాత నేర్పడం మొదలుపెట్టాడు. దానికి ఒక్క పైసా పుచ్చుకోలేదు. ఆయన లాంటి వాళ్ళు ఎందరో ఉండేవాళ్ళు ఈ ఊళ్ళో. ఇప్పుడు ఆ సంగతి చెప్పినా ఎవరూ వినరు, నేను చెప్పడం మానను.

ఇక ఉత్తరాల గోస. బావ ఇంటి నుంచి రాజుబొమ్మ ఉన్న కార్డులు ఒక కట్ట తెచ్చుకున్నాడు. గొలుసు రాత మొదలయ్యాక ఇంటికి పోవడం మానుకుని, వారానికి ఒకటి వాళ్ళమ్మకు రాసి, బజారులో కనపడ్డ టపా డబ్బాలో వేసేవాడు. అది నైజాం సర్కారు టపా డబ్బా. ఇంగ్లీషు వాళ్ళ కార్డుకు అందులో దిక్కు లేదని మాకు ఎవరికీ తోచలేదు. రెండు నెలల కార్డులు ఏ గూట్లో నిద్రపోయాయో! అక్కడ అత్త అన్నం మానేసిందట. ఒక మధ్యాహ్నం మామే బస్సు దిగి నేరుగా బడికి వచ్చాడు. నేను బండి ఆపి చూస్తున్నాను. కొడుకు చిన్నపిల్లల నడుమ కూర్చుని ఊగుతూ వల్లిస్తున్నాడు. పక్కన కూర్చున్న బుడ్డోడు "అట్ల కాదు ఊంట్, ఇట్ల" అని దిద్దుతున్నాడు. మామ అరుగు ఎక్కలేదు. తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడిచింది చెమట కాదు.

"పదరా ఇంటికి. భూమి పోతే పోయింది" అన్నాడు మా ఇంటికి వచ్చాక. "మీసం వచ్చిన కొడుకుని పసిపిల్లల దగ్గర చదువు చెప్పించుకోమన్నాను. నాకు బుద్ధి లేదు."

బావ పెట్టె సర్దలేదు. "గొలుసు రాత ఇంకా పట్టుబడలేదు నాన్నా. కాగితం చదివాకే వస్తాను."

"చదివినా గెలుస్తామని ఏముంది?"

"ఓడిపోతే ఓడిపోదాం. ఎందుకు ఓడామో తెలిసి ఓడదాం."

అమ్మ మజ్జిగ చెంబు తెచ్చి అన్న చేతిలో పెట్టి, "నువ్వు నిమ్మళంగ పో అన్నా. నా ఇంట్ల ఉన్నడు, అడివిల లేడు" అంది. మామ ఒంటరిగానే బస్సెక్కాడు. కాగితం మాత్రం ఆ రోజు కొడుకు చేతికి ఇచ్చాడు.

పేషీ ఎండాకాలం చివర పడింది. నేనే బండి కట్టాను. మిర్యాలగూడ చేరేదాకా బావ ఆ కాగితాన్నే వల్లె వేసుకున్నాడు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. మామ కోదాడ మీదుగా వచ్చి కచేరీ వరండాలో కూర్చుని ఉన్నాడు. లోపల తాసిల్దారు తెల్ల షేర్వానీలో, నెమ్మదైన మనిషి. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అక్కడ మాటలన్నీ ఉర్దూలోనే; నాకు సగమే తెలిసింది. మిగతా సగం బావ తరవాత చెప్పాడు. ముందు పట్వారీ కాగితం అందుకుని గడగడా చదివి నంబరు దగ్గర "బారా" అన్నాడు. పన్నెండు. ఒకటి, రెండు అంకెలు చూపించాడు. వాటి పక్కన ఒక చుక్క ఉంది. దాన్ని వేలితో కప్పలేదు. అంత ధైర్యం.

బావ చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "హుజూర్, యే నుఖ్తా నహీఁ, సిఫర్ హై" అన్నాడు. అది చుక్క కాదు, సున్న అని. ఆ మాట వరకు నాకూ అర్థమైంది.

పట్వారీ నవ్వాడు. మామకు గూడ అర్థం కావాలని కాబోలు, తెలుగులోకి దిగాడు. "కలం ఆగిన కాడ పడ్డ సిరాసుక్క అది. మాట ఖతమైంది, సుక్క పడ్డది. ఇంగ్లీషు ఇలాకా పిల్లగానికి గియన్ని ఏం ఎరుక?"

"మా ఇలాకాలో అయితే మీరన్నది నిజమే" అన్నాడు బావ. "అక్కడ మాట అయిపోతే చుక్క పెడతాం. నేను ఇక్కడికొచ్చి అదే పెట్టి మూడు నెలలు బెత్తం దెబ్బలు తిన్నాను. ఉర్దూలో మాట ఆగితే గీత. హుజూర్, ఈ కాగితంలో మాట ఆగిన ప్రతిచోటా గీత ఉంది. చుక్కతో ఆగిన మాట ఒక్కటీ లేదు. రాసినాయన ఇంగ్లీషు ఇలాకా మనిషి కాదు. ఈ ఒక్కచోట ఆయన మా అలవాటు ఎందుకు తీసుకుంటాడు?"

తాసిల్దారు కాగితం దగ్గరికి తీసుకున్నాడు. వేలు కుడి నుంచి ఎడమకు మెల్లగా నడిచింది. గీత దగ్గర ఆగింది, మళ్ళీ నడిచింది, ఆగింది. పంకా తాడు లాగేవాడు గూడ లాగడం మరిచి చూస్తున్నాడు. చివరికి ఆయన ఊరి రిజిస్టరు తెప్పించమన్నాడు. పట్వారీ దస్త్రం ఇంటి దగ్గర ఉందన్నాడు. కచేరీలో ఇంకొక ప్రతి ఉంటుంది గదా, అది తీయమన్నాడు తాసిల్దారు. తీశారు. అమ్మినాయన పేరుకు ఎదురుగా నూట ఇరవై ఉంది. పన్నెండు నంబరు అసలు ఆయనది కానే కాదు. పట్వారీ కావాలని చదివాడో, తెలియక చదివాడో నేను చెప్పలేను. తెలియదనుకోవడానికి మాత్రం నా మనసు ఒప్పుకోదు.

తాసిల్దారు సంతకం చేస్తూ ఎక్కడ నేర్చుకున్నావని బావను అడిగాడు. సూర్యాపేట మౌల్వీ సాబు పేరు చెప్పాడు. "నీ ఉర్దూ జర బెజవాడ బస్సెక్కి వచ్చినట్టుంది గాని, దిగాల్సిన చోటనే దిగింది" అన్నాడట ఆయన. కచేరీ అంతా నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. నవ్వుల్లో తేడా నాకు బాగా తెలుసు.

బయటికి వచ్చాక మామ కొడుకును ఏమీ మెచ్చుకోలేదు. వాపు తగ్గి గట్టిపడ్డ ఆ వేళ్ళను చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటీ నొక్కి చూశాడు, చిన్నప్పుడు చూసినట్టు. అంతే.

బావ వాళ్ళ ఊరు వెళ్ళి హైస్కూల్లో అడిగితే, తోటివాళ్ళు పైఫారానికి వెళ్ళిపోయారు, ఏడాదంతా బడికి రాకుండా ఇప్పుడొచ్చి అడిగితే ఎట్లా, మళ్ళీ ఏడు చూద్దాం అన్నారు. మళ్ళీ ఏటికి మావైపు అంతా అల్లకల్లోలం. దారులు మూతపడ్డాయి. ఇక్కడి భూమి మీద ఇక్కడి మాట తెలిసిన మనిషి ఒకడు ఉండకపోతే నిలవదని మామ భయం. తెలిసినవాడు బావ ఒక్కడే. దారులు మూతపడకముందే ఇటు వచ్చి ఆ భూమి మీద ఉండిపోయాడు. పెళ్ళి, పిల్లలు, నాట్లు, కోతలు, అన్నీ మిర్యాలగూడ పక్కనే జరిగాయి. ఆ తరవాత సర్కారు మారింది. కచేరీల్లో కాగితాలు తెలుగులోకి వచ్చాయి. అంత గోసపడి నేర్చిన ఉర్దూతో ఆయనకు అక్కర పడింది ఆ ఒక్కరోజే. మా పిల్లలకు లెక్కలు చెప్పమని పంపితే, బావ పలక మీద అంకెలు వేసే తీరు చూసి నా కడుపు మండేది. కాలేజీలో నిలబడి చెప్పవలసిన మనిషి, కళ్ళంలో గొంగడి మీద కూర్చుని చెప్పేవాడు. నేను ఆ మాట ఎత్తితే, "భూమి దక్కింది కదరా" అనేవాడు, అంతే తేలిగ్గా.

దక్కింది, కాదనను. నూట ఇరవై నంబరు ఈనాటికీ ఆ ఇంటి పేరునే ఉంది. దానికోసం ఇచ్చేసిన పదిహేడో ఏడు మాత్రం ఏ కచేరీలోనూ తిరిగి బావ పేరున ఎక్కలేదు.